కార్డు తిప్పేముందు కాస్త ఆగండి: ట్రివియా ఆట వెనుక జ్ఞాపకశక్తి శాస్త్రం

నవంబరు వచ్చిందంటే ఢిల్లీ నైరుతి అంచున ఉన్న ద్వారకలో పార్కులు బోసిపోతాయి. గాలి నాణ్యత సూచీ 400 దాటితే ఆ గాలిని ‘తీవ్రం’ అనే తరగతిలో వేస్తారు. అలాంటి రోజుల్లో పిల్లల్ని బయట ఆడనివ్వరు. ఒక్కోసారి బడులే మూసేస్తారు. మే, జూన్ నెలల్లో వడగాడ్పులదీ ఇదే వరస. సహకార గృహ సంఘాల అపార్టుమెంట్లతో నిండిన ఈ ఉపనగరంలో ఏడాదిలో చాలా సాయంత్రాలు నాలుగు గోడల మధ్యే గడుస్తాయి. ఆ సాయంత్రాల్ని ఫోన్లు ఎంతగా మింగేస్తున్నాయో ఏ ఇంట్లోవాళ్లనడిగినా చెబుతారు.

పెద్దగా ఖర్చు లేకుండా నలుగురిని ఒకచోట కూర్చోబెట్టే ఆటల్లో ట్రివియా కార్డులాట ఒకటి. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. అంతే. కార్డులనగానే పేకాట గుర్తొచ్చి ముఖం చిట్లించే పెద్దలు మనలో ఉన్నారు గానీ, ఇక్కడ పందెం కాసేది చింతగింజలే. కాలక్షేపంలా కనిపించే ఈ ప్రశ్నల్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు నాలుగు దశాబ్దాలకు పైగా పరిశోధనకు పనిముట్టుగా వాడుతున్నారు. నెల్సన్, నారెన్స్ అనే పరిశోధకులు 1980లోనే 300 జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలను తేలికవీ కష్టమైనవీ అని వరుసలో పెట్టి, మిగతా ప్రయోగశాలలకు అందుబాటులోకి తెచ్చారు. మనిషి ఎలా గుర్తుంచుకుంటాడు, తప్పును ఎలా దిద్దుకుంటాడు అన్న విషయాల్లో అలాంటి ప్రశ్నల ద్వారా తెలిసిన సంగతులు చాలా ఉన్నాయి. వాటిని ఆట నియమాల్లో కలుపుకొంటే అదే కార్డుల కట్ట మరింత బాగా పనిచేస్తుంది. పట్టించుకోకపోతే తప్పుడు సమాచారాన్ని నవ్విస్తూ నేర్పే కట్టగా మారే ప్రమాదమూ ఉంది.

బజర్ నొక్కేవాడిదే ఆటా?

ఈ ఆటకు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది ‘ట్రివియల్ పర్సూట్’. 1979 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్‌లో క్రిస్ హేనీ, స్కాట్ అబాట్ అనే ఇద్దరు పాత్రికేయులు స్క్రాబుల్ ఆడదామని కూర్చున్నారు. చూస్తే బిళ్లలు కొన్ని పోయాయి. దాంతో తామే ఒక ఆట తయారు చేద్దామనుకున్నారు. మన దేశంలో దారి వేరు. 1967లో కోల్‌కతాలో నీల్ ఓబ్రయన్ నిర్వహించిన క్విజ్‌తో మొదలై, 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు ‘క్విజ్ టైమ్’, 2000లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’, తెలుగులో 2014లో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ దాకా ప్రశ్న–జవాబు మనకు వేదిక మీది వ్యవహారమే అయింది.

వేదిక మీది ఆటను యథాతథంగా ఇంట్లోకి తెస్తే ఒక చిక్కు. ఎవరు ముందు అరిస్తే వాళ్లకే మార్కు. చురుకైనవాడు ఒక్కడు చెప్పేస్తాడు, మిగతా ఐదుగురు వింటారు. విన్న ఐదుగురికీ తమకూ తెలిసినట్టే అనిపిస్తుంది. అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

2006లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం దీన్ని తేటతెల్లం చేసింది. విద్యార్థులు చిన్న వ్యాసాలు చదివారు. ఆ తర్వాత కొన్ని వ్యాసాలను మళ్లీ చదివించారు. కొన్నింటిని చూడకుండా, గుర్తున్నంత వరకు రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవే మెరుగు: 81 శాతం గుర్తున్నాయి, రాసినవి 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవి 42 శాతానికి పడిపోగా, గుర్తుచేసుకుని రాసినవి 56 శాతం నిలిచాయి. మనసులోంచి వెలికితీయడమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందన్న మాట. అష్టావధానంలో చివరన వచ్చే ధారణ గుర్తుందిగా? అవధాని అంతసేపూ చెప్పిన పద్యాలన్నిటినీ వరుసగా వెలికితీసి అప్పజెప్పాలి. ఆ విద్యకు వెన్నెముక అదే.

కాబట్టి ఇంటి ఆటకు మొదటి నియమం: ప్రతి ప్రశ్నకూ ప్రతి ఒక్కరూ జవాబు రాయాలి. నోరు విప్పకూడదు.

ఆడే పద్ధతి

నలుగురి నుంచి ఎనిమిది మంది వరకు ఆడవచ్చు. అరవై కార్డులుంటే రెండు సాయంత్రాలకు సరిపోతాయి. పాత శుభలేఖల అట్టను సమానంగా కత్తిరించుకుంటే మంచి కార్డులు వస్తాయి. ఒక్కొక్కరికి కొన్ని చిత్తు కాగితాలు, ఒక పెన్సిలు, ఇరవై చింతగింజలు ఇవ్వాలి. ద్వారకలో చింతగింజలు దొరక్కపోతే రాజ్మా గింజలైనా ఫర్వాలేదు. మధ్యలో ఒక గిన్నెనిండా గింజలు పోసి పెట్టుకోవాలి, అది బ్యాంకు.

ఒకరు కార్డు తీసి ప్రశ్నను రెండుసార్లు గట్టిగా చదువుతారు. మిగతావాళ్లు అర నిమిషంలో జవాబు రాసి, పక్కన 1, 2, 3లో ఒక అంకె వేస్తారు. ‘ఊహ మాత్రమే’ అయితే 1, ‘అనుకుంటున్నా’ అయితే 2, ‘ఖాయం’ అయితే 3. రాయడం రాని పిల్లలు చదివేవారి చెవిలో చెప్పవచ్చు. తర్వాత అందరూ కాగితాలు ఒకేసారి బయటపెడతారు. సరైన జవాబుకు వేసిన అంకె ఎంతో అన్ని గింజలు బ్యాంకు ఇస్తుంది. తప్పయితే అన్నీ బ్యాంకుకు పోతాయి. ఒక్కో కార్డుకు చదివేవారు మారతారు. ఢిల్లీలో పెరిగే తెలుగు పిల్లల్లో మాట వచ్చి అక్షరం రానివారు చాలామందే. వాళ్ల వంతు వచ్చినప్పుడు తాతయ్యో అమ్మమ్మో పక్కన కూర్చుని కార్డు చదివిస్తే ఆట కాస్త నెమ్మదిస్తుంది గానీ, ఆ నెమ్మది మంచిదే. జవాబు ఏ భాషలో రాసినా ఒప్పుకోవాలి. కార్డు వెనక మాత్రం తెలుగులోనే ఉండాలి.

ఇక ముఖ్యమైన ఘట్టం. కాగితాలు బయటపడగానే పిల్లలు కార్డు మీద పడతారు. “ఉండండ్రా, ఇంకా తిప్పకండి” అనడానికి ఒక పెద్దమనిషి కావాలి. ఎవరు ఎందుకు అలా రాశారో ఒక్కొక్క మాటలో చెప్పించి, పది లెక్కపెట్టి, అప్పుడు తిప్పాలి.

ఈ పది లెక్క సరదాకి పెట్టింది కాదు. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో గ్రూబర్, గెల్మన్, రంగనాథ్ చేసిన పరిశోధనలో పాల్గొన్నవారు ముందుగా ట్రివియా ప్రశ్నలు చూసి, జవాబు తెలుసుకోవాలని ఎంత ఉందో చెప్పారు. తర్వాత ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, ప్రశ్న చూపి సుమారు 14 సెకన్లు ఆపి, అప్పుడు జవాబు చూపించారు. ఆ ఎదురుచూపు మధ్యలో ఏ సంబంధమూ లేని ఒక అపరిచితుడి ముఖం కనిపించేది. కుతూహలం ఎక్కువగా ఉన్న ప్రశ్నల జవాబులు బాగా గుర్తుండటం ఊహించదగ్గదే. విచిత్రమేమిటంటే, ఆ ఎదురుచూపులో కనిపించిన ముఖాలు కూడా మిగతావాటికన్నా బాగా గుర్తున్నాయి. కుతూహలం రేగినప్పుడు బహుమతి కోసం ఎదురుచూసేటప్పుడు చురుకయ్యే డోపమైన్ మార్గం, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ కలిసి పనిచేస్తున్నాయని చిత్రాలు చూపాయి. పొడుపు కథ వేసిన అమ్మమ్మ విడుపును ఎందుకంత ఊరిస్తూ చెప్పేదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఎలాంటి ప్రశ్నకు కుతూహలం పుడుతుంది? 2009లో కాంగ్, కామెరర్ బృందం కాల్‌టెక్‌లో 40 ట్రివియా ప్రశ్నలతో దీన్ని పరీక్షించింది. బొత్తిగా తెలియని ప్రశ్నకూ, ఖాయంగా తెలిసిన ప్రశ్నకూ ఆసక్తి తక్కువే. తెలిసీ తెలియనట్టున్న ప్రశ్న దగ్గరే అది శిఖరాన ఉంటుంది. కార్డులు రాసేవారు గుర్తుపెట్టుకోవలసింది ఇదే. ‘భారత రాజధాని ఏది’ అన్నదీ దండగే, ‘ఫలానా మూలకపు పరమాణు భారం ఎంత’ అన్నదీ దండగే.

‘నోట్లో నానుతోంది గానీ రావట్లేదు’ అనే స్థితి కూడా ఆటలో తరచూ వస్తుంది. 1966లో బ్రౌన్, మెక్‌నీల్ దీన్ని ప్రయోగశాలలో పుట్టించి చూశారు. మాట గుర్తురాకపోయినా అది ఏ అక్షరంతో మొదలవుతుందో, దానికి ఎన్ని అక్షరాలుంటాయో చాలామంది సరిగ్గా చెప్పగలిగారు. అందుకే మొదటి అక్షరం సరిగ్గా రాసినవారికి ఒక గింజ ఇవ్వడం న్యాయం.

‘ఖాయం’ అన్నవాడి తప్పు

గింజల పందెం ఎందుకు? గెలుపోటముల కోసమే అయితే మార్కులు చాలు. కానీ అంకె వేయడమంటే తనకు ఎంత తెలుసో తనే తూకం వేసుకోవడం. నిండు ధైర్యంతో 3 వేసి తప్పినవాడు మూడు గింజలు పోగొట్టుకుంటాడు. దానికి బదులుగా మరొకటి దక్కించుకుంటాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ 2001లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, గట్టి నమ్మకంతో చెప్పిన తప్పును సరిదిద్దితే, అరకొర నమ్మకంతో చెప్పిన తప్పుకన్నా ఆ దిద్దుబాటు బాగా నిలుస్తుంది. మొండి నమ్మకం మారదనుకుంటాం. ఇలాంటి చిన్న వాస్తవాల విషయంలో ప్రయోగం అందుకు భిన్నంగా తేల్చింది. ఆశ్చర్యం మనసును నిలబెట్టి వినేలా చేస్తుందన్నది దీనికి ఒక వివరణ. అయితే షరతు ఒకటుంది: సరైన జవాబు అక్కడికక్కడే తెలియాలి. సగం కార్డులు తిప్పకుండా ‘తర్వాత చూద్దాం’ అని లేచిపోతే తప్పులు తప్పులుగానే మిగిలిపోతాయి.

దీనికి చక్కని కార్డు ఒకటి ఉంది: ‘భారతదేశపు జాతీయ క్రీడ ఏది?’ గదిలో సగం మంది ‘హాకీ’ అని రాసి పక్కన 3 వేస్తారు. ఏ క్రీడనూ అలా ప్రకటించలేదని 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ తెలిపింది. బడి పుస్తకాల్లో హాకీ అని చదువుకున్న పెద్దలే ఇక్కడ ఎక్కువ గింజలు పోగొట్టుకుంటారు. పిల్లల ముందు పెద్దలు ‘అరే, ఇన్నాళ్లూ తప్పే అనుకున్నానే’ అనడం ఈ ఆటలో దొరికే అరుదైన దృశ్యం.

అంకెల కార్డులు, వరుస కార్డులు

అన్నీ పేర్ల ప్రశ్నలే అయితే విసుగు. కట్టలో మూడో వంతు అంకెల కార్డులు పెట్టడం మంచిది. ఇక్కడ పందెం లేదు. దగ్గరగా వచ్చినవారికి మూడు గింజలు. ఉదాహరణకు: చంద్రయాన్–3 బయలుదేరినప్పటి నుంచి చంద్రుడి మీద దిగేదాకా ఎన్ని రోజులు పట్టింది? 2023 జులై 14 నుంచి ఆగస్టు 23 వరకు, 40 రోజులు. అపోలో–11 నాలుగు రోజుల్లో దిగింది కదా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అడగాలి కూడా. అపోలోను మోసిన శాటర్న్–5 మహా రాకెట్, నేరుగా చంద్రుడి దారి పట్టించింది. మన వ్యోమనౌక భూమి చుట్టూ కక్ష్యను విడతలవారీగా పెంచుకుంటూ, తక్కువ ఇంధనంతో వెళ్లింది. ఇది కార్డు వెనక రెండు వాక్యాల్లో పడుతుంది.

అంకెల కార్డుల్లో మరో తమాషా ఉంది. అందరి అంచనాలనూ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూడండి. గణితంలో దీన్ని మధ్యగతం అంటారు. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పశు ప్రదర్శనలో ఒక ఎద్దు మాంసం బరువు ఎంత తూగుతుందో ఊహించే పోటీ పెట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ చీటీలు తెప్పించుకుని, చదవడానికి వీలైన 787 అంచనాలను పరిశీలించాడు. మధ్యగతం 1,207 పౌండ్లు, అసలు బరువు 1,198. అంటే ఒక శాతం లోపు తేడా. 1907లో ‘నేచర్’ పత్రికలో దీన్ని ప్రచురించాడు. ఆరుగురు కూర్చున్న గదిలో ఇంత కచ్చితత్వం ఆశించకూడదు గానీ, మధ్య అంచనా చాలాసార్లు గదిలోని ‘తెలివైనవాడి’ని దాటిపోతుంది. ఒకటే షరతు: ఎవరి అంచనా వారు చూడకుండా రాయాలి. పక్కవారి అంకెలు తెలిస్తే అంచనాలన్నీ ఒకచోటికి జరిగిపోతాయని, కచ్చితత్వం మాత్రం పెరగదని 2011లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపారు. నోరు విప్పకుండా రాయాలన్న మొదటి నియమం ఇక్కడా అక్కరకొస్తుంది.

వరుస కార్డులకు ఫ్రాన్స్‌లో 2010లో వచ్చిన ‘టైమ్‌లైన్’ అనే ఆట ఆదర్శం. కార్డు మీద ఒక సంఘటన, వెనక సంవత్సరం. బల్ల మీద ఉన్న వరుసలో దాన్ని ఎక్కడ దూర్చాలో చెప్పాలి. కచ్చితమైన ఏడాది తెలియనవసరం లేదు. దేనికి ముందు, దేనికి తర్వాత అన్నది చాలు. చార్మినార్ (1591), ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి (1852), రామన్ ఎఫెక్ట్ (1928), ఆర్యభట్ట ఉపగ్రహం (1975), మెట్రో రైలు ద్వారకకు రావడం (2005) లాంటివి కలిపి పెడితే వయసుల మధ్య తేడా చెరిగిపోతుంది. 2005 డిసెంబరు 31న ద్వారకకు మెట్రో మొదలైన సంగతి పెద్దలకు నిన్నటి మాట. పిల్లలకు చార్మినార్ అంత పాతది.

ద్వారక కట్ట

కొన్న కార్డుల్లో హాలీవుడ్ నటులు, అమెరికా రాష్ట్రాలు ఎక్కువ. సొంతంగా రాసుకుంటే చుట్టుపక్కల ఊరు కార్డుల్లోకి వస్తుంది. ద్వారక పాత పేరు? పప్పన్‌కలాన్. సెక్టార్ 12 అపార్టుమెంట్ల మధ్య మిగిలిన పాత మెట్లబావి ఏ కాలానిది? లోదీలది. ‘ద్వారక’ పేరు వినగానే గుర్తొచ్చే మూడు ఊళ్లు రాయండి అంటే గుజరాత్ ద్వారక, ఢిల్లీ ద్వారక అందరూ రాస్తారు. ఏలూరు జిల్లాలోని ద్వారకా తిరుమలను తెలుగువాళ్లే రాస్తారు.

కుతుబ్ మీనార్ ఆవరణలోని ఇనుప స్తంభం ఎందుకు తుప్పు పట్టలేదన్నది ఢిల్లీవాసులకు సరైన కార్డు. సుమారు 1,600 ఏళ్ల వయసు, ఆరు టన్నులకు పైగా బరువు. ఆనాటి కొలిమి పద్ధతి వల్ల ఇనుములో భాస్వరం ఎక్కువగా మిగిలింది. దాని కారణంగా ఉపరితలం మీద పలుచని రక్షక పొర ఏర్పడిందని ఐఐటీ కాన్పూర్ లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. తెలుగు నేల నుంచి ఒకటి: 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ వచ్చిన ఊరేది? గుంటూరు. సూర్యుడి అంచున ఎగసే మంటల కాంతిని వర్ణపట దర్శినితో చూసి, అవి మండే వాయువులని గ్రహించాడు. హీలియం ఆవిష్కరణ కథలో తొలి మజిలీ ఈ గ్రహణమే. భూమి మీద ఆ వాయువు దొరికింది 1895లో గానీ కాదు.

కార్డు వెనక వివరణ ఉండాలన్నది ఈ ఆటలో రాజీపడకూడని విషయం. ‘1928’ అని మాత్రమే రాసిన కార్డు అంకెను నేర్పుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. ‘ఎందుకు’ అన్న రెండు వాక్యాలు ఉంటేనే తర్వాతి ప్రశ్న పుడుతుంది. ట్రివియా అంతా పనికిరాని విషయాలే అన్న విమర్శ ఉత్త జవాబుల కట్టకు అక్షరాలా వర్తిస్తుంది.

తప్పు కార్డు

ఇప్పుడు ముందు చెప్పిన ప్రమాదం సంగతి. ఫ్రెడ్ వర్త్ అనే అమెరికన్ ట్రివియా విజ్ఞాన సర్వస్వం ఒకటి రాస్తూ, కాపీ కొట్టేవారిని పట్టుకోవడానికి అందులో ఒక అబద్ధం కావాలని పెట్టాడు: టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ‘ఫిలిప్’ అని. కొన్నాళ్లకు అదే ‘ఫిలిప్’ ట్రివియల్ పర్సూట్ కార్డులో తేలింది. 1984లో ఆయన 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు. వాస్తవాలకు కాపీహక్కు ఉండదన్న కారణంతో కోర్టులు దాన్ని కొట్టేశాయి. దావా పోయింది సరే, అబద్ధం మాత్రం లక్షల ఇళ్లకు చేరింది.

పదేపదే వింటే అబద్ధం నిజమనిపించడం మాటవరసకు అనేది కాదు. 1977లో హ్యాషర్, గోల్డ్‌స్టీన్, టాపినో రెండు వారాల ఎడంతో మూడుసార్లు కొన్ని వాక్యాలు వినిపించి, అవి ఎంత నిజమనిపిస్తున్నాయో అడిగారు. మళ్లీ మళ్లీ విన్నవి నిజమో అబద్ధమో అన్నదానితో పనిలేకుండా, విన్న కొద్దీ నిజమనే అనిపించాయి. సరైన సమాధానం తెలిసినవారు కూడా ఈ ప్రభావానికి లోనవుతారని 2015లో ఫాజియో బృందం చూపింది. కార్డులు రాసేవారికి దీన్నుంచి ఒక ఆచరణ సూత్రం దొరుకుతుంది: ‘మనిషి మెదడులో 10 శాతమే వాడతాడు — నిజమా, అబద్ధమా?’ అని రాయవద్దు. ఆ వాక్యమే చెవిలో మిగిలిపోతుంది. ‘మెదడులో ఎంత భాగం పనిలో ఉంటుంది?’ అని అడిగి, వెనక సరైన జవాబు రాయండి: దాదాపు అన్ని భాగాలూ, నిద్రలో కూడా.

అనుమానం వచ్చిన కార్డును ఆటలో వాదించి తేల్చకూడదు. గొంతు పెద్దదున్నవాడు గెలుస్తాడు. దాన్ని విడిగా ఒక కవరులో వేసి, సందేహం లేవనెత్తిన వ్యక్తికి ఒక గింజ ఇచ్చి, తర్వాతి సాయంత్రంలోగా రెండు వేర్వేరు నమ్మదగ్గ చోట్ల చూసి తేల్చాలి. వాట్సాప్‌లో వచ్చిన సందేశం ఒక చోటుగా లెక్కకు రాదు. అది పదిమంది పంపినా ఒకే సందేశం.

చాలామంది తప్పిన కార్డులను మరో కవరులో పెట్టి వారం తర్వాత తీయాలి. అప్పుడు సరిగ్గా చెబితే నెల తర్వాత. జర్మన్ భాషలో 1972లో పుస్తకం రాసిన సెబాస్టియన్ లైట్నర్ ప్రచారం చేసిన పెట్టెల పద్ధతి ఇదే: తప్పినవి త్వరగా, వచ్చినవి ఆలస్యంగా కనిపించాలి.

ఇంకొన్ని కార్డులకు జవాబే మారిపోతుంది. గ్రహాలెన్ని అంటే 2006 ఆగస్టుకు ముందు తొమ్మిది, తర్వాత ఎనిమిది. రాష్ట్రాలెన్ని అంటే 2014 జూన్‌లో తెలంగాణతో 29, 2019 అక్టోబరు నుంచి 28. జిల్లాల సంఖ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని ప్రతి కార్డు వెనక మూలన సరిచూసిన నెల, ఏడాది వేసుకోవాలి. మారే జవాబును పెన్సిలుతోనే రాయాలి. శని గ్రహపు ఉపగ్రహాల కార్డులో 2023 మే నాటి 145ను కొట్టివేసి, 2025 మార్చి నాటి 274 రాసి, పక్కన కాస్త ఖాళీ వదిలేయండి.